కదిరమ్మ ఎక్స్‌ప్రెస్‌కు జరీ కరెంటు

మా కదిరమ్మత్త తన పెళ్లిచీర కొంగుతో ఏడు బోగీల రైలుకు కరెంటు ఇచ్చింది. ఆ వెలుతురుకు బత్తలపల్లెలో కోళ్లు తెల్లారిందనుకుని కూశాయి. నమ్మకపోతే ధర్మవరం వచ్చి మా వీధిలో ఎవరినైనా అడగండి. ఒక్క కదిరమ్మత్తను మాత్రం అడగొద్దు. ఆమెకు నిజాలు చెప్పే దురలవాటు ఉంది.

ఈ కథ చెప్పడానికి నాకంటే అర్హుడు ఈ జిల్లాలో లేడు. ఐటీఐలో ఎలక్ట్రికల్ ట్రేడులో చేరి, వానాకాలం మొదలయ్యేలోపే బయటికొచ్చినవాణ్ణి. మా అనంతపురం వైపు వానాకాలం ఎప్పుడు మొదలవుతుందో దేవుడికి కూడా తెలియదు కాబట్టి, నేనెంత చదివానో ఎవడూ తేల్చలేడు.

కదిరమ్మత్త పని పడుగులు అతకడం. మగ్గం మీద పట్టు పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోవస్తే, పాత పోగుల కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటే కలిపి మెలివెయ్యాలి. వేల పోగులు. వేళ్లకు ఇంత బూడిద అద్దుకుని కూర్చుంటే, ఆమె చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి, నోరు వీధి మొత్తాన్నీ తిడుతూ ఉంటుంది. ఆమె నిద్రపోయినప్పుడు కూడా బొటనవేలూ చూపుడువేలూ మెలివేస్తూనే ఉంటాయనీ, ఒకసారి పక్కన పడుకున్న శ్రీరంగప్ప మామ మీసం దిండు కుచ్చుతో కలిపి అతికేసిందనీ నేను చెబుతుంటాను. మామ మీసం తీసేయడానికి కారణం అదే.

నేత మధ్యలో ఎక్కడో పోగు తెగితే, మామ మగ్గం గుంతలోంచి "కదిరీ!" అని కేక పెడతాడు. మామూలు మనిషైతే కళ్లు చిట్లించుకుని తెగిన పోగు కోసం వెతుకుతాడు. ఆమె వెతకదు. ఒక చివరనుంచి పోగుల కింద వేలు పెట్టి, ఒక్కొక్కదాన్నే కొంచెం లేపి వదులుతూ పోతుంది.

"తెగినదాన్ని కండ్లతో ఎతికితే దొరకదురా ఓబుళేసూ" అని నాకు చెప్పింది ఒకసారి. "మొదుట్నుంచి పలకరించుకుంటా పోవాల. పలకనిదే తెగింది."

ఇక రైలు సంగతి. రైల్వే క్వార్టర్సులో ఉండే ఒకాయనకు బొమ్మ రైళ్ల పిచ్చి. అరచేతిలో ఇమిడే ఇంజను, వేలెడు వెడల్పు పట్టాలు, కరెంటు డబ్బా, అన్నీ బెంగళూరు నుంచి తెప్పించుకున్నాడు. బదిలీ అయి పోతూ, భార్య కొన్న పట్టుచీరలకు పెట్టెలో చోటు కావాల్సి వచ్చి, ఆ సరంజామా అంతా కదిరమ్మత్త చేతిలో పెట్టి పోయాడు. ఇంజను ఉంది, పట్టాలున్నాయి, బోగీల కింద తిరిగే చక్రాల జతలున్నాయి. బోగీలు మాత్రం లేవు. ఆమె చీరల అట్టపెట్టెలు కత్తిరించి బోగీలు చేసింది. చీరకు చుట్టే పారదర్శకపు కవరు కిటికీలకు అద్దమైంది. నీలం రంగు పూసి, ప్రతి బోగీ మీదా తెల్లని అక్షరాలతో 'కదిరమ్మ ఎక్స్‌ప్రెస్' అని రాసింది. ఆమె చదివింది మూడో తరగతే అయినా ఆ అక్షరాల ముందు మన స్టేషను బోర్డు పెయింటరు సిగ్గుపడాలి.

అప్పటినుంచి ప్రతి వినాయక చవితికీ మా వీధి పందిట్లో స్వామి చుట్టూ ఆ రైలే తిరుగుతోంది.

నిరుడు పండగకు ముందు చంద్రమోహన్ వచ్చి దానికి ఎర్రజెండా చూపించాడు. చంద్రమోహన్ అంటే మైకుసెట్లు, సీరియల్ లైట్లు బాడుగకిచ్చేవాడు. మా పందిరికి పెద్ద. మనిషి మంచివాడే కానీ, మాట్లాడేటప్పుడు చేతిలో మైకు లేకపోయినా ఉన్నట్టే మాట్లాడతాడు.

"అత్తా, ఒక మాట చెప్తా. కోపం చేసుకోవద్దు" అన్నాడు.

"చెప్పకముందే వచ్చేట్టుండాది. చెప్పు."

"ఈతూరి అనంతపురం నుంచి జలపాతం సెట్టింగు తెప్పిస్తాండాం. నీళ్లు పైనుంచి దూకుతాయి, పొగ వస్తాది, రంగులు మారతాయి. నీ రైలు పొద్దుగూకితే కనపడనే కనపడదు. పిల్లోళ్లు గుడక సెల్లు చూసుకుంటాండారు."

"ఏమప్పా, వీధికి ట్యాంకరొస్తే బిందెల్తో కొట్టుకు చస్తాండాం. దేవుని ముందర నీళ్లు పారబోసే బొమ్మ పెడతావా? ఆయప్ప పీట దిగొచ్చి బిందె పట్టుకుంటాడు చూడు."

అరుగుల మీద ఉన్నవాళ్లంతా నవ్వారు. చంద్రమోహన్ కూడా నవ్వాడు కానీ మాట మార్చలేదు. రైలు పాతబడిందన్నాడు. ఇంకో వీధివాళ్లు కన్నార్పే రాక్షసుణ్ణి పెడుతున్నారన్నాడు. కదిరమ్మత్త కాసేపు విని, వేళ్ల మీది బూడిద దులుపుకుంది.

"బోగీల్లో లైట్లు పెడతా. అప్పుడు కనపడతాది కదా?"

"మినుకుమినుకుమంటే?"

"అనవు."

"సరే, మాటంటే మాట. పండగ రెండోనాడు సాయంత్రం పందిట్లో లైట్లన్నీ ఆర్పేస్తా. స్వామి చుట్టూ ఒక్క చుట్టు. అన్ని బోగీలూ ఆరకుండా వెలగాల. ఒక్క బోగీ కన్ను కొట్టినా జలపాతమోళ్లను పిలిపిస్తా. నీ రైలు అటకెక్కాల, మళ్లీ దిగకూడదు."

"పోప్పా, పిలిపించుకుందువు."

అతను పోయాక నేను తల పట్టుకున్నాను. "అత్తా, బొమ్మ రైలు బోగీల్లో లైటు నిలకడగా వెలగడమంటే ఎంత కష్టమో తెలుసునా? ఎందుకొప్పుకున్నావు?"

ఆమె అప్పుడే నేసి దించిన చీర ఒకటి మడత పెడుతోంది. దాని అంచుకు అంగడివాళ్ల చీటీ కుట్టి ఉంది.

"ఇది చూడు. పడుగు నేనతికినా. మీ మామ నేసినాడు. పేరు అంగడిది. దేశమంతా నేనతికిన చీరలు కట్టుకుంటాండారు, ఒక్కదాని మీద గుడక నా పేరు ల్యా. రైలు మీద ఉండాది" అంది. చీర పక్కన పెట్టి, "దాన్ని అటకెక్కిస్తాడంటనా" అని గొణుక్కుంది.

ఆ మాటతో నా చదువంతా ఒక్కసారిగా పైకి లేచింది. ఆమె ఇంటి నడవలో పట్టాలు పరిచి, బోగీ పైకప్పుల కింద బియ్యపుగింజంత లైట్లు అతికించాం. రైలుకు కరెంటు రెండు పట్టాల్లోంచీ వస్తుంది. చక్రాలు ఆ కరెంటును అందుకోవాలి, చక్రాల ఇరుసుకు ఆనుకున్న రాగిరేకు దాన్ని పట్టుకుని పైనున్న లైటుకు పంపాలి. ముందు చక్రాలు ఒక పట్టా నుంచి, వెనక చక్రాలు రెండో పట్టా నుంచి. వినడానికి ఇంతే. నడిపిస్తే బోగీలన్నీ పెళ్లి ఊరేగింపు సీరియల్ సెట్టులాగా మినుకుమినుకుమన్నాయి.

"వోల్టేజి చాలదత్తా. డబ్బా మీద బిరడా తిప్పుతా చూడు" అని నేను పెంచాను.

ఇంజను ఎగిరి దూకింది. మూడో బోగీలోంచి సన్నగా పొగ వచ్చింది.

మగ్గం గుంతలోంచి శ్రీరంగప్ప మామ అడిగాడు, "ఏం వాసన కదిరీ అది?"

"ఐటీఐ వాసన" అంది ఆమె.

నా చేతిలోంచి డబ్బా లాక్కుని, పట్టాల ముందు మఠం వేసుకుని కూర్చుంది.

"కరెంటు యాడ పుడతాది?"

"డబ్బాలో."

"ఆడ్నుంచి?"

"తీగెల్లోంచి పట్టాలకు. పట్టాల్నుంచి చక్రాలకు. చక్రాల్నుంచి రేకుకు. రేకునుంచి లైటుకు."

"అంతే కదా. ఇది గుడక పడుగే. మొదుట్నుంచి పలకరిద్దాం పట్టు."

నా దగ్గర ఒక మీటరు ఉంది. దాని రెండు సూదులనూ రెండు చోట్ల ఆనిస్తే, మధ్యలో దారి కలిసి ఉంటే 'కూ' అంటుంది, తెగి ఉంటే మూగది. ఆ మీటరును నేను ఐటీఐ నుంచి సర్టిఫికెట్టుకు బదులు తెచ్చుకున్నాను. ఆమె సూదులు పట్టుకుని పోగులను లేపినట్టే మొదలుపెట్టింది. డబ్బా దగ్గర కూ అంది. తీగెలు కూ అన్నాయి. పట్టాల ముక్కలు కలిసే చోట్ల ఒకటి మూగగా ఉంది. చిన్న పట్టకారుతో అక్కడ రెంటినీ కలిపే రేకుబిళ్ల నొక్కింది, అదీ పలికింది. చక్రాలకు కాటుకలాగా నల్లటి మురికి పట్టి ఉంది. గుడ్డతో తుడిచింది, పలికాయి. చివరికి రాగిరేకు దగ్గర ఆగింది.

అసలు రోగం అక్కడ. రేకును గట్టిగా వంచి ఇరుసుకు ఆనిస్తే లైటు బ్రహ్మాండంగా వెలిగింది, కానీ చక్రం తిరగక పట్టాల మీద ఈడ్చుకుపోయింది. మొండి దున్నల్ని లాగినట్టు ఇంజను మూలిగింది. రేకును మెత్తగా వంచితే రైలు హాయిగా పరుగెత్తింది, లైటు ఆగి ఆగి ఏడ్చింది.

"గట్టిగా పట్టుకుంటే కదల్దు, వదిలేస్తే పలకదు. మీ మామ మాదిరే ఉండాది" అంది కదిరమ్మత్త.

"నన్నెందుకు లాగుతావు మధ్యలో?" అన్నాడు గుంతలోంచి మామ.

"లాగితే కదిల్తే కదా."

ఇలా కొన్ని రోజులు గడిచాయి. రేకు వంచడం, విప్పడం, మళ్లీ వంచడం. చంద్రమోహన్ రోజూ మా గడప ముందునుంచి పోతూ జలపాతం చప్పుడు నోటితో చేసి వినిపించేవాడు. కదిరమ్మత్త వెంటనే ఖాళీ బిందె వాకిట్లో పెట్టి, "కొంచెం పట్టి పోప్పా" అనేది.

ఒకనాడు మధ్యాహ్నం ఆమె రాట్నం దగ్గర కూర్చుని జరీ కండెలు చుడుతోంది. జరీ పోగు ఆమె వేళ్ల సందులోంచి జారి కండెకు చేరుతోంది. నేను రేకుతో కుస్తీ పడుతూ ఏదో గొప్ప చెబుతున్నాను. ఉన్నట్టుండి రాట్నం ఆగింది.

"ఒరే, ఈ పోగు నా వేలిని రాసుకుంటా పోతాండాది. వేలికి తగిలినట్టే ఉండదు. కానీ ఒక్క చోట గుడక వదల్దు."

"అయితే?"

"దీంట్లో కరెంటు పోతాదా?"

నేను పెద్దమనిషి తరహాలో నవ్వి మీటరు సూదులు ఆనించాను. మూగ. ఇంకో కండె. అదీ మూగ.

"ఈ కాలం జరీ ఇంతే. పైన బంగారం, లోపల ప్లాస్టిక్కు. చంద్రమోహను మాదిరి" అని లేచి లోపలికి పోయింది.

పాత ట్రంకుపెట్టె మూత కీచుమంది. నా కళ్లారా చూశాను, తన పెళ్లిచీర తీసింది. పసుపు రంగు చీర, చెయ్యంత వెడల్పు కొంగు. ఆ రోజుల్లో జరీ అంటే వెండి తీగె. వెండిని వెంట్రుకకంటే పలచగా సాగదీసి పట్టుదారానికి చుట్టేవాళ్లు. ఇప్పుడది నల్లబడి ఉంది. నేను మీటరు ఆనిస్తే, జలుబు చేసిన కోకిలలాగా ఒకసారి గొంతు సవరించుకుని ఊరుకుంది.

"పూజ గిన్నె నల్లబడితే పారేస్తామా?" అని చింతపండు నానబెట్టింది.

చింతపండు పులుసులో ఆ కొంగును పిసికి, కడిగి, నీడకు ఆరబెట్టింది. అది తళతళలాడింది. ఈసారి సూదులు ఆనించగానే మీటరు కూతకు వీధి కుక్కలు సమాధానం చెప్పాయి.

"కుక్కరు దించు కదిరీ, కూసింది" అన్నాడు మామ.

ఆమె పోగులు ఒక్కొక్కటే ఊడదీసి, చీర కొంగుకు కట్టినట్టు చిన్న చిన్న కుచ్చులు కట్టింది. మొదలును రాగితీగెతో చుట్టి బోగీ అడుగున బిగించింది. కుచ్చు కొస ఇరుసు మీద వాలింది, పసిబిడ్డ చెంప మీద తల్లి కొంగు వాలినట్టు. ఇరుసు తిరిగింది. కుచ్చు వదల్లేదు. కిటికీలు మూసి, పట్టాలను మంచం కింద చీకట్లో పరిచి నడిపాం. బోగీలు నిండుగా, ఒక్క రెప్పపాటు లేకుండా వెలుగుతూ మంచం కోళ్ల మధ్యనుంచి పోయాయి.

నేను నేల మీద బోర్లా పడుకుని చూస్తూ అరిచాను. మామ మగ్గం దిగి వచ్చాడు. పండక్కి తప్ప మగ్గం దిగని మనిషి. వంగి చూసి, "నా మగ్గానికి గుడక ఒకటి పెట్టు" అని మళ్లీ పోయి కూర్చున్నాడు.

ఆ తర్వాత రెండు రోజులు ఆమె బోగీలు ఎవరినీ ముట్టనివ్వలేదు. పైకప్పులు విప్పి లోపల ఏదో అతికిస్తోంది. అడిగితే, "ప్యాసింజర్లు ఎక్కుతాండారు" అంది.

చవితి వచ్చింది. మొదటిరోజు పగలంతా, లైట్ల తీగెలు విప్పి ఉంచిన రైలు స్వామి చుట్టూ తిరిగింది. ఇంజను అక్కడక్కడ కొంచెం గునిసినట్టు నాకనిపించింది కానీ, గుగ్గిళ్ల ముందు అలాంటివి పట్టించుకునే తత్వం కాదు నాది.

రెండోనాడు సాయంత్రం వీధి వీధంతా పందిట్లో ఉంది. ఆడవాళ్లు ముందు వరస. చంద్రమోహన్ చేతిలో ఈసారి నిజంగానే మైకు ఉంది. లైట్లు ఆర్పే ముందు ఒకసారి నడిపి చూద్దామని నేను బిరడా తిప్పాను.

రైలు కదిలింది. బోగీలు వెలిగాయి. స్వామి ఎడమ పక్కకు రాగానే మొదటి బోగీ కన్ను కొట్టింది. తర్వాత రెండోది, అదే చోట. మూడోది, అదే చోట. ఇంకొంచెం ముందుకు పోయి మళ్లీ వరసగా అన్నీ.

పందిట్లో అందరి కళ్లూ చంద్రమోహన్ మీదికి తిరిగాయి.

చంద్రమోహన్ మైకు పక్కన పెట్టి ఫోను చెవికి ఆనించాడు. "అత్తా, నా మీద కోపం వద్దు. వాళ్లు వ్యాను బయలుదేరదీసి బత్తలపల్లె కాడ టీ తాగుతాండారు. రమ్మంటే వచ్చేస్తారు."

"ముందే పిలిపించినావా!" నేను అతని మీదికి దూకాను. "కుట్ర! పట్టాల మీద నువ్వే ఏదో పూసినావు. నిన్న ఈడ్నే తిరుగుతాంటివి!"

"నేనా? పందిరికి పెద్దను నేను!"

"పెద్దవు కాబట్టే!"

"ఇద్దరూ నోరు ముయ్యండి. పోగు యాడ తెగిందో చూడనీండి" అంది కదిరమ్మత్త.

ఆమె ఇంజను తీసి పక్కన పెట్టి, ఒక్క బోగీనే పట్టాల మీద వేలితో మెల్లగా తోసుకుంటూ పోయింది. వెలిగింది, వెలిగింది, ఆరింది. ఆరిన చోట ఆగి, పట్టా మీద వేలు రాసింది. వేలు దీపం దగ్గర పెట్టి చూసుకుంది. పసుపు. దాని మీద ఎరుపు.

ముందు ఆమె భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని, వీధిలో అందరికంటే పెద్దదైన సిద్దమ్మవ్వ దగ్గరికి పోయింది. ఏడుపు కాదు, నవ్వు. ఆపుకోలేక పక్కనున్న గుంజ పట్టుకుంది.

"చంద్రమోహను కాదురా. నేనే. పండగనాడు పొద్దున్నే తలకు పోసుకుని, కొత్త పడుగు ఎక్కించిన మగ్గానికి పెట్టినట్టు పట్టాలకంతా పసుపు కుంకుమ పెట్టినా. జానెడు జానెడుకు ఒక బొట్టు!"

నేతగాళ్ల ఇళ్లలో అంతే. కొత్తగా పని మొదలుపెట్టే వస్తువు కనపడితే, అది మగ్గమైనా, మోటారుసైకిలైనా, మిక్సీ అయినా, బొట్టు లేకుండా వదలరు. తడి పసుపు మీద కుంకుమ పెడితే, ముందురోజంతా చక్రాలు దాన్ని తొక్కి తొక్కి పట్టాల మీద పెంకులాగా అంటించాయి. ఇంజను బరువైనది, గునుస్తూ దాటేసింది. అట్టబోగీలకు ఆ బలం ఏది?

"ఇంతేనా!" అని నేను తడిగుడ్డ అందుకున్నాను.

"ఏయ్!" సిద్దమ్మవ్వ కర్ర అడ్డం పెట్టింది. మా వీధిలో ఆమె మాటే చట్టం. "స్వామి ముందర పెట్టిన బొట్టు తుడస్తావా? అదీ పండగపూట? ఎవురు తుడిచినా నేను ఒప్పుకోను."

ఆడవాళ్లంతా నోళ్ల మీద చేతులు పెట్టుకున్నారు. గుడ్డ నా చేతిలోంచి దానంతట అదే జారిపోయింది. గొప్పలు వేరు, సిద్దమ్మవ్వ కర్ర వేరు. చంద్రమోహన్ కూడా, "నేనైతే ముట్టనప్పా" అని వెనక్కి జరిగాడు. బొట్టు తుడిస్తే తప్పు. తుడవకపోతే రైలు అటకెక్కుతుంది. ఫోనులో వ్యాను డ్రైవరు "రావాల్నా వద్దా అన్నా?" అని అడుగుతున్నాడు, మాకందరికీ వినపడుతోంది.

కదిరమ్మత్త బోగీ మీద రాసుకున్న తన పేరు వైపు ఒకసారి చూసింది. తర్వాత సిద్దమ్మవ్వ వైపు చూసింది.

"అవ్వా, మగ్గం మీద చీర కోసి దించేటప్పుడు మగ్గానికి పెట్టిన కుంకుమ ఏం చేస్తాం?"

"వేలికద్దుకుని నొసట పెట్టుకుంటాం. అదేమన్నా తెల్దా నీకు?"

"మరి ఈడ గుడక పని దించే వేళే కదా."

చెంబులో వేలు ముంచి, పట్టా మీది మొదటి బొట్టును రుద్ది తీసి, సిద్దమ్మవ్వ నొసట పెట్టింది. ముసలామె కర్ర దించి ఒక క్షణం ఆలోచించింది. తప్పు దొరకలేదు.

"అయితే అందరికీ పెట్టు" అంది.

ఇక చూడాలి. పందిట్లో ఉన్నవాళ్లంతా పట్టాల చుట్టూ కూర్చున్నారు. ఎవరి ముందున్న బొట్టు వాళ్లు వేలు తడిపి రుద్దడం, నొసట పెట్టుకోవడం. చంటిబిడ్డలకు తల్లులు పెట్టారు. పోలియో చుక్కలకు కూడా అంత బారు నిలబడలేదు. చంద్రమోహన్ వంతు వచ్చేసరికి ఇంజను నూనె చిందిన చోటు మిగిలింది. కదిరమ్మత్త దాన్ని బొటనవేలితో గట్టిగా తీసి అతని నొసట అడ్డంగా లాగింది. దిష్టిబొమ్మకు పెట్టినట్టు నల్లగా పడింది.

"బాగుండాదప్పా. నీకు దిష్టి తగల్దు" అంది.

చివరగా ఆమె పొడిగుడ్డతో పట్టాలు ఒక చుట్టు గట్టిగా తుడిచింది. బొట్లు పోయాక తుడిస్తే తప్పు లేదని సిద్దమ్మవ్వే తీర్పు చెప్పింది.

చంద్రమోహన్ లైట్లు ఆర్పాడు. చీకట్లో ఇంజను చిన్నగా రొద చేసింది. కదిరమ్మ ఎక్స్‌ప్రెస్ కదిలింది.

అప్పుడు తెలిసింది ప్యాసింజర్లు ఎవరో. ప్రతి కిటికీలోనూ ఒక ముఖం. రేషను కార్డులకనీ పింఛన్లకనీ వీధివాళ్లు తీయించుకున్న ఫోటోలను జిరాక్సు తీయించి, ఆ పలచటి కాగితం ముఖాలను కిటికీలకు లోపలినుంచి అతికించింది. పందిరి లైట్లలో అవి మసక మచ్చలు. చీకట్లో బోగీ లైటు వెలిగితే మనుషులు.

"అదో నేను! కిటికీ కాడ సీటు!" ఎవరో అరిచారు.

"మా అత్త గుడక ఎక్కింది చూడు, టిక్కెట్టు తీసుకుందో లేదో!"

"అవ్వా, నువ్వు ఇంజను ఎనకాలే ఉండావు!"

"నేను ముందర లేకపోతే బండి కదుల్తాదా?" అంది సిద్దమ్మవ్వ.

రైలు స్వామి ఎడమ పక్కకు వచ్చింది. అందరూ ముందుకు వంగారు. మొదటి బోగీ దాటింది, వెలుగుతూనే. రెండోది. మూడోది. రైలు స్వామి వెనక్కి పోయింది. ఇప్పుడు ఎవరికీ కనపడదు. కదిరమ్మత్త బొటనవేలూ చూపుడువేలూ గాలిలో మెలివేస్తూనే ఉన్నాయి. అటువైపునుంచి ఇంజను ముక్కు బయటికి వచ్చింది. దాని వెనక, ఒకదాని తర్వాత ఒకటి, వీధి వీధంతా కిటికీల్లోంచి నవ్వుతూ వచ్చింది. ఒక్క ముఖం కూడా ఆరలేదు.

చుట్టు పూర్తయింది. ఎవరూ ఆపమనలేదు. ఇంకో చుట్టు. ఇంకోటి. డప్పులు ఎవరు మొదలుపెట్టారో తెలియదు. శ్రీరంగప్ప మామ మీసం లేని పెదవి తడుముకుంటూ, నేను చూడట్లేదనుకుని చిందేశాడు.

చంద్రమోహన్ మాత్రం మోకాళ్ల మీద కూర్చుని కిటికీ కిటికీ వెతుకుతున్నాడు. "అత్తా, నేను యాడుండాను?"

"చివరి బోగీ."

చూశాడు. చివరి బోగీలో, చివరి కిటికీలో, కక్కసు తలుపు పక్కన, పాస్‌పోర్టు ఫోటో బిగువుతో నిలబడి ఉన్నాడు.

"ఇదేంది అత్తా! పందిరి పెద్దను, సీటన్నా ఇయ్యకూడదా?"

"నీళ్లంటే ఇష్టం కదా. కొళాయి ఆడే ఉంటాది" అంది.

అతను పడీ పడీ నవ్వి, ఫోను తీసి, "వద్దప్పా, వ్యాను తిప్పుకో. తాగే నీళ్లుంటే మాత్రం దించిపో" అని చెప్పాడు. ఆ వ్యాను అప్పటికీ బత్తలపల్లెలోనే ఉంది. మా రైలు వెలుతురు అక్కడిదాకా పోయిందనీ, కోళ్లు కూశాయనీ, డ్రైవరు తెల్లారిందనుకుని రెండో టీ చెప్పాడనీ నాకు పక్కాగా తెలుసు. నేనే చెప్పాను కాబట్టి.

ఈ ఏడు కూడా కదిరమ్మ ఎక్స్‌ప్రెస్సే. సీటు కోసం చంద్రమోహన్ ఇప్పటినుంచే ఆమెకు టీలు తెచ్చిస్తున్నాడు. బొట్లు ఈసారి పట్టాల పక్కనున్న చెక్కకు పెడతారట.

రాసిందంతా పోయి ఆమెకు చదివి వినిపించాను. పడుగు అతకడం ఆపకుండా, తల ఎత్తకుండా విన్నది. చివరికి వేళ్లకు ఇంకొంచెం బూడిద అద్దుకుని అంది:

"పెళ్లిచీర కాదు. మా అత్త చీర అంచు, చినిగిపోయింది. బోగీలు ఏడు కాదు, అయిదు. మీ మామకు ఎప్పుడూ మీసం ల్యా. కోళ్లు కూసింది నాకు తెల్దు. పట్టాల మీద మురికుండె, తీసినాం. లైట్లు వెలిగినాయి. అంతే."